హాజరీ పట్టీలో అన్న పేరు

"కాయితంల నీ పెండ్లాం పేరు ఎవరిదున్నది? గది చెప్పు ముందుగాల."

పొద్దుటి నుంచి సత్తెమ్మ మొగుణ్ణి ఆ మాట అడగటం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లు ఏడుస్తూ అడిగింది. ఇప్పుడు ఏడవటం లేదు. అందుకే బీరయ్యకు మరింత భయం వేసింది.

అతను దండెం మీది షేర్వానీ తీసి దులిపాడు. దులిపినదాన్నే మళ్ళీ దులిపాడు.

"బడికి యాళ్ళయితుంది," అన్నాడు.

"కానియ్యి. నిన్న మీ బడి చప్రాసి ఈశ్వరయ్య వాకిట్ల నిలవడి నన్ను ఎల్లమ్మక్కా అని పిలిచిండు. నేను ఎల్లమ్మను కాదనేలోపే కాయితం తీసి సదివిండు. పేరు ఓదెలు, తండ్రి బుచ్చయ్య, పెండ్లాం ఎల్లమ్మ. అన్ని సరిగ్గున్నయా అక్కా, రేపు ఇన్‌స్పెక్టర్ సాబు చూస్తడట అన్నడు. నేనేమనాలె? సరిగ్గనే ఉన్నయి అన్న. నా నోటితోని నేనే అన్న."

"మెల్లగ," అంది అత్త కొమురమ్మ కొట్టంలో నుంచి. చేతిలో పాలచెంబు అలాగే ఉంది. బర్రె చేపి ఎంతసేపయిందో, ఆమె మాత్రం పొదుగు ముట్టలేదు. "గోడవతల మాణిక్యమ్మ ఉన్నది. దానికి చెవులు పెద్దగ."

ఆ ఇంట్లో ఎనిమిదేళ్లుగా అన్ని మాటలూ మెల్లగానే నడుస్తున్నాయి. యాకుత్‌పురా స్టేషను వెనక ఈ పెంకుటింట్లోకి దిగిన రోజే కొమురమ్మ కొడుకును కూర్చోబెట్టి చెప్పింది. గడప లోపల నువ్వు బీరయ్యవు, గడప దాటితే ఓదెలువు. బస్తీకి తెలిసినంతవరకు ఓదెలు మాస్టరు నిక్షేపంగా ఉన్నాడు, మాదన్నపేట మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు గ్రామరు చెబుతున్నాడు. చచ్చిపోయింది ఆయన తమ్ముడు బీరయ్య. ఇంట్లో ఉన్న విధవరాలు ఎల్లమ్మ ఆ తమ్ముడి పెళ్ళాం.

జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఎనిమిదేళ్ల కింద, నిజాం సర్కారు లెక్కలో 1343 ఫసలీలో, ఓదెలు భోనగిరి దగ్గర అత్తగారి ఊళ్ళో విషజ్వరంతో పోయాడు. పోయిన ఆరో రోజు అతని పేర నౌకరీ కాగితం వచ్చింది. తరతరాలుగా పాలు పోసుకు బతికే ఇంట్లో మెట్రిక్ పాసయిన మొదటివాడు అతను. బీరయ్య ఏడో తరగతిలోనే బడి మాని బర్రెల వెంట తిరిగాడు. అయితే అన్న ఏ పుస్తకం తెరిచినా పక్కనే కూర్చునేవాడు. అన్నకు గ్రామరు మెట్రిక్ కోసం కావలసి వచ్చింది. తమ్ముడికి ఊరికే, ఇష్టం కొద్దీ పట్టుబడింది.

"ఆ పేరు ఏసుకొని పోరా," అన్నది తల్లే. అప్పుడు బీరయ్యకు ఇరవై ఏళ్లు.

ఈ సంగతి సత్తెమ్మకు పెళ్ళినాటి నుంచి తెలుసు. అది కేవలం ఒక పేరు అనుకుంది. ఆ పేరు వెనక తన చోట్లో ఇంకో ఆడది ఉందని ఎవరూ చెప్పలేదు.

"రేపు నా బిడ్డను బడిల ఏస్తే తండ్రి పేరేం రాస్తవ్?" అంది సత్తెమ్మ. నాలుగేళ్ల పిల్ల ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది. "తల్లి పేరేం రాస్తవ్?"

"ఇయ్యాల్టి గండం గడవనియ్యి బిడ్డా," అంది కొమురమ్మ. "గిది తర్వాత మాట్లాడుకుందం."

ఆ రోజు గండం పేరు పురుషోత్తం. కొత్తగా వచ్చిన బడుల ఇన్‌స్పెక్టరు. హెడ్మాస్టరు జమీలుద్దీన్ సాబు మొన్న సంబరంగా చెప్పాడు. "మాస్టర్, తుమారే బచ్‌పన్ కే దోస్త్ ఆరైఁ కతే. చిన్ననాటి దోస్తు వస్తున్నడట, నాలుగేండ్లు ఒకటే బెంచీనట గద."

ఆ బెంచీ మీద కూర్చున్నది అన్న, బీరయ్య కాదు.

"జరమొచ్చిందని కబురు పంపుదం," అంది కొమురమ్మ. "గొంగడి కప్పుకొని పండుకో. ఇయ్యాల ఒక్కదినం."

"దోస్తుకు జరమంటే చూడనీకి ఇంటికే వస్తడు అవ్వా. అప్పుడేం చేస్తం?"

"మరి పోతే గుర్తు వట్టడా?"

"పట్టొచ్చు. పట్టకపోవచ్చు. తొమ్మిదేండ్లయింది ఆయన అన్నను చూసి. నాకు అన్న పోలికలున్నయని నువ్వే అంటవు గద."

చెప్పింది తనే గాని ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు. షేర్వానీ గుండీలు పెట్టుకుంటుంటే మూడో గుండీ రెండో కాజాలోకి పోయింది.

ఎల్లమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతూంది. ఇంత లొల్లిలోనూ ఆమె తల ఎత్తలేదు. కొమురమ్మ కొట్టం గుమ్మం దాకా వచ్చింది.

"నువ్వన్న చెప్పు ఎల్లమ్మా. ఏం చేద్దమంటవ్?"

"నన్నెప్పుడడిగిన్రు అత్తా, ఇప్పుడు అడగనీకి?"

కొట్టంలో బర్రె కాలు మార్చింది. ఎల్లమ్మ మట్టిబెడ్డ ఒకటి ఏరి పక్కన పడేసి, మళ్ళీ చాట కేసి వంగింది.

సత్తెమ్మ పిల్లను ఎత్తుకుంది. "సాయంత్రం దాంక చూస్త," అంది మొగుడి వంక చూడకుండా. "అటెన్క బిడ్డనేసుకొని మలక్‌పేట మా అన్న ఇంటికి పోత. కాయితంల లేనిదాన్ని పోతే అడిగేటోడెవడు?"

*

మాదన్నపేట కూరగాయల మార్కెట్టు దాటేసరికి ఏడుగురు సలాం చేశారు. మామూలుగా అయితే ఆ సలాములు అతనికి ఇష్టం. మీ వాడికి స్పెల్లింగు నేర్పించండి, మీ వాడు కామాలు పెట్టడం మరిచిపోతున్నాడు అని నిలబడి మాట్లాడేవాడు. ఇవాళ ప్రతి పిలుపుకూ తల ఊపి అడుగు వేగం పెంచాడు.

"ఓదెలు మాస్టర్, జర ఆగుండ్రి."

వెనక్కి తిరిగితే పోలీసు జవాను. బీరయ్య పక్కనున్న వంకాయల గంప అంచు పట్టుకున్నాడు.

"మా దుర్గయ్య మీ తరగతే గద," అన్నాడు జవాను తోటకూర కట్ట చంకలో పెట్టుకుంటూ. "మిడిల్ ఇమ్తెహాన్ పాసైతడా మాస్టర్? ఇంట్ల ఆడోళ్లకు ఒకటే ఫికర్."

"పాసైతడు," అన్నాడు బీరయ్య. "మంచిగనే చదువుతున్నడు."

జవాను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. బీరయ్య మళ్ళీ నడక సాగించాడు. దుర్గయ్య ఒక్కడే కాదు. ఏడో తరగతిలో ముప్ఫయి ఇద్దరు పిల్లలు. రెండు నెలల్లో పరీక్ష. ముప్ఫయి రెండు పరీక్ష ఫారాల మీదా ఓదెలు అని సంతకం పెట్టింది తనే. తాను పట్టుబడితే ఆ ఫారాలేమవుతాయి? ఈ ఆలోచన ఇంతకుముందు ఎందుకు రాలేదో అతనికి అర్థం కాలేదు. ఇప్పటిదాకా జైలంటే తన ఒక్కడికే అనుకున్నాడు.

*

ఇన్‌స్పెక్టరు రెండో గంటలో వచ్చాడు. హెడ్మాస్టరు ముందు నడుస్తూ తలుపు దగ్గర ఆగి, "వచ్చిండు చూడు నీ దోస్తు," అన్నట్టు బీరయ్యకు కళ్లతోనే సైగ చేశాడు.

పిల్లలు లేచి నిలబడ్డారు. పురుషోత్తం సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కళ్లజోడు వెనక చూపు నిలకడగా ఉంది. గుమ్మంలో నిలబడి ఆయన బీరయ్య ముఖం వంక చూశాడు. ఓదెలూ అని పిలవలేదు. చేయి చాపలేదు. చాలాసేపు అలాగే చూసి, నడిచి వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

"మీ పాఠం కానియ్యండి," అన్నాడు. "నేనున్న అనుకోకండి."

జమీలుద్దీన్ సాబు ముఖంలో నవ్వు కాస్త తడబడింది. ఇద్దరు పాత దోస్తులు కలుసుకోవటం ఆయన ఊహించిన తీరు అది కాదు. చాయ్ పురమాయించాలంటూ వెళ్ళిపోయాడు.

బీరయ్య బోర్డు వైపు తిరిగాడు. ఆనాటి పాఠం 'హ్యాడ్'. రాయబోతే సుద్దముక్క విరిగి కింద పడింది. ఇంకో ముక్క తీసుకున్నాడు. చెప్పవలసిన మొదటి మాట గుర్తు రాలేదు. ఎనిమిదేళ్లుగా ఏటా చెప్పే పాఠం. ఉర్దూలో మొదలుపెట్టాలో తెలుగులో మొదలుపెట్టాలో కూడా తోచలేదు. వెనక చివరి బెంచీ ఉందన్న ఒక్క ఎరుకే మిగిలింది.

"దూడ, సార్," అన్నాడు ముందు వరసలోని సీమోను, గుసగుసగా. రైల్వే గ్యాంగు మేస్త్రీ కొడుకు వాడు. మూడుసార్లు ఏడో తరగతి తప్పిన వాళ్ల అన్నకు కూడా బీరయ్యే చెప్పాడు. ఆ దూడ కథ ఆ ఇంట్లో అందరికీ వచ్చు.

బీరయ్య పిల్లల వైపు తిరిగాడు.

"పొద్దుగాల మా అవ్వ బర్రె దగ్గరికి పోయింది," అని మొదలుపెట్టాడు బీరయ్య. "పోయేసరికి దూడ పాలన్నీ తాగేసింది. ఎన్ని పనులైనయి?"

"రెండు సార్."

"అయిపోయినయా, అయితున్నయా?"

"అయిపోయినయి సార్."

"రెండూ అయిపోయినయే. మరి ఏది ముందైంది, ఏది వెనకైంది? ఇంగ్లీషోడు గది తెలవాలంటడు. ముందైన దానికి హ్యాడ్ తగిలియ్యి. వెనకైన దానికి ఉత్త పాస్ట్ చాలు. ది కాఫ్ హ్యాడ్ డ్రంక్ ది మిల్క్ బిఫోర్ మై మదర్ కేమ్."

పిల్లలు నవ్వారు. బీరయ్య కూడా నవ్వాడు. ఒక్కొక్కణ్ణీ లేపి సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నాడు. సీమోను వాళ్ల నాన్న స్టేషను చేరకముందే రైలు వెళ్ళిపోయింది. జవాను గారి దుర్గయ్య వాళ్ల ఇంట్లో పిల్లి పెరుగు తినేశాక తల్లి తలుపు వేసింది. ఇంకొకడు రెండు చోట్లా హ్యాడ్ పెట్టేశాడు. బీరయ్య వాడితోనే రెండో హ్యాడ్ తుడిపించాడు. ఎందుకు తుడిచాడో వాడితోనే చెప్పించాడు. పావుగంట గడిచింది. ఆ పావుగంటా అతను భయాన్ని మరిచిపోయాడు. గ్రామరు చెప్పేటప్పుడు అతనికి ఎప్పుడూ అంతే. ఏ పేరుతో నిలబడ్డాడో గుర్తుండదు.

"మాస్టర్."

చివరి బెంచీ నుంచి పురుషోత్తం లేచాడు.

"నేనొక మాట చెప్త. ఇంగ్లీషుల మీరే రాయండి, పిల్లలు చూస్తరు." ఒక్క క్షణం ఆగాడు. "నౌకరీ కాయితం వచ్చేటప్పటికే అతను చనిపోయిండు."

పిల్లలకు అది ఇంకో వాక్యం, అంతే. సీమోను పలక మీద అప్పుడే రాసుకోవటం మొదలుపెట్టాడు.

బీరయ్యకు పారిపోవాలనిపించింది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. కాళ్లు మాత్రం బోర్డు దగ్గరే ఉండిపోయాయి. అతను రాశాడు. హి హ్యాడ్ డైడ్ బిఫోర్ ది లెటర్ కేమ్. చివర చుక్క పెట్టేటప్పుడు సుద్ద బోర్డుకు తగిలి టక్కుమంది.

పురుషోత్తం దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"తప్పు లేదు," అన్నాడు. "బయటికి రండి."

*

ఆరో తరగతి పిల్లలు డ్రిల్లుకు పోయారు. ఆ ఖాళీ గదిలో ఇద్దరే నిలబడ్డారు.

"ఓదెలు ఎడమచేతితోని రాసేటోడు," అన్నాడు పురుషోత్తం. "మా మాస్టర్లు కొట్టి కొట్టి యాష్ట వడ్డరు. మార్చలేకపోయిన్రు. నువ్వు తమ్మునివి. బీరయ్యవు. మీ పాతింటికి వస్తే నాకు చల్ల తెచ్చిచ్చినోనివి."

బీరయ్య తల ఊపాడు.

పురుషోత్తం జేబులో నుంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "నెల కింద వచ్చింది. కింద పేరు లేదు. చదువు."

నాలుగు వరసలే ఉన్నాయి, తెలుగులో. ఓదెలు చనిపోయి ఎనిమిదేండ్లయింది. నౌకరీ కాయితం వచ్చేటప్పటికే చనిపోయిండు. ఇప్పుడు బడిల ఉన్నది ఆయన కాదు. మీరు ఆయన దోస్తు కాబట్టి మీకు తెలవాలె.

అక్షరాలు చూడగానే బీరయ్య గుర్తుపట్టాడు. ప్రతి 'ల'కూ తోక సాగదీసి పైకి విసిరే రాత. పాతింట్లో కొట్టం గోడ మీద బొగ్గుతో అన్న తన పెళ్ళానికి అక్షరాలు దిద్దించేవాడు. ఎడమచేతి వాడు కాబట్టి అతని 'ల' తోక అలాగే పోయేది. ఆమెకూ అదే వచ్చింది. ఈ లోకంలో అలా రాసేవాళ్లు ఇక ఒక్కరే ఉన్నారు.

"ఎవరు రాసిన్రో తెలుసా?"

"తెల్వది సాబు."

పురుషోత్తం ఆ అబద్ధాన్ని పట్టించుకోలేదు. కిటికీ వైపు తిరిగాడు.

"నా పెండ్లికి కార్డు రాసిన. రాలేదు. కొడుకు పుట్టిండని రాసిన. జవాబు లేదు. పాలోడి కొడుక్కు నౌకరి దొరకంగనే పొగరొచ్చిందనుకున్న. నలుగురిల నేనన్న గూడ ఆ మాట." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎన్ని రోజులు పడ్డడు?"

"పద్నాలుగు రోజులు."

"దగ్గరెవరున్నరు?"

"వదినె."

బయట డ్రిల్లు మాస్టరు ఈల వేశాడు. పిల్లల అడుగుల చప్పుడు ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైంది.

పురుషోత్తం కళ్లజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ ఇన్‌స్పెక్టరు అయ్యాడు. "నువ్వు గ్రామరు మంచిగ చెప్తవు. జిల్లాల తిరిగిన, గింత మంచిగ చెప్పేటోన్ని చూడలె. అది వేరే. ముప్ఫయి రెండు ఫారాల మీద చచ్చిపోయినోని సంతకమున్నది. అది వేరే. ఈ కాయితం నా జేబుల ఉన్నంతసేపు నా ఒక్కనిది. దఫ్తర్ల పెడితే సర్కారుది."

"పిల్లలను ఆగం చెయ్యకుండ్రి సాబు. నన్నేం చేసినా సరే."

"నన్ను బతిమిలాడకు. ఏం చెయ్యాల్నో నాకే తెల్వదు." తలుపు దాకా పోయి ఆగాడు. "సాయంత్రం ఐదింటికి మీ ఇంటికొస్త. ఇది మీ వదినె రాసినట్టున్నది, ఆమెతోని మాట్లాడాలె. అప్పటిదాంక రిపోర్టు రాయ. ఎక్కడికీ పోకు."

*

నాలుగున్నరకు బీరయ్య ఇల్లు చేరాడు. గడప దగ్గర సత్తెమ్మ బట్టల మూట కట్టి పెట్టి ఉంది. పిల్లకు తల దువ్వి బొట్టు పెట్టింది.

అతను మూట వంక చూసి కూడా చూడనట్టే లోపలికి నడిచాడు. ఎల్లమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"రాసింది నువ్వేనా వదినె?"

ఎల్లమ్మ కట్టె వెనక్కి లాగింది. "నేనే."

"ఏం రాసింది?" కొమురమ్మ పరుగున వచ్చింది. "ఎవరికి రాసింది?"

బీరయ్య చెప్పాడు. తల్లి గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"మమ్ముల జైలుకు పంపనీకి రాసినవా?" అంది చివరికి. "నీకేం తక్కువ చేసినమే? ఎనిమిదేండ్లు కడుపుల పెట్టుకొని చూసుకోలేదా?"

"చూసుకున్నవు అత్తా. నేను కాదంటలే." ఎల్లమ్మ గొంతు పెరగలేదు. "నౌకరీ కాయితం వచ్చిన దినమే నువ్వు నా దగ్గర కూసున్నవ్. ఏడవకు బిడ్డా, కబురు నగరం దాంక పోతదన్నవ్. ఊకున్న. ఇక్కడికొచ్చినంక, బీరయ్య చచ్చిపోయిండని చెప్పి ఎంతన్న ఏడువు అన్నవ్. ఎదురుంగ తిరుగుతున్న మర్ది పేరు పెట్టి ఎట్ల ఏడుస్త? నాకు నోరు రాలె. మొగడు పోయినా కండ్ల నీళ్లు పెట్టని ఆడది అని మాణిక్యమ్మ ఇప్పటికీ అంటది. ఏటా ఆయన తిథినాడు ఒక్క దీపం పెడత అంటే, పక్కోళ్లు ఎవరికని అడుగుతరు, వద్దన్నవ్."

కొమురమ్మ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నౌకరి తియ్యమని రాయలె. జైలుల పెట్టమని రాయలె. ఆయన చచ్చిపోయిండని ఈ నగరంల ఒక్క మనిషికన్న తెలవాలె. ఆయనకున్నది ఒక్క దోస్తు. అందుకని ఆయన పంపిన పెండ్లి కార్డు మీది అడ్రసుకు రాసిన. ఆ దోస్తే ఇన్‌స్పెక్టరై ఈ బడికే వస్తడని నాకేం తెలుసు?"

గడప దగ్గర నుంచి సత్తెమ్మ లోపలికి వచ్చింది. ఇద్దరికీ పడదు. ఐదేళ్లలో ఒక పొయ్యి దగ్గర కూర్చున్నా ఒక మాట మీద కూర్చున్నది లేదు. సత్తెమ్మ వచ్చి ఎల్లమ్మ పక్కన చతికిలబడింది.

"కాయితంల నీ మొగడు ఇంకా బతికే ఉన్నడు అక్కా," అంది. "నాకైతే మొగడే లేడు. మనిద్దరినీ ఒక్క పేరే ముంచింది."

బీరయ్య తలుపు చెక్కకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంతకాలం ఈ ఇంట్లో భయపడుతున్నది తనొక్కడే అనుకున్నాడు. ఆ భయం కోసం వీళ్ళిద్దరూ ఏమేమి మానుకున్నారో లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు తెలిసినా భయం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

కొమురమ్మ పాకుతున్నట్టుగా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. పాలు పిండి పిండి గట్టిపడిన ఆ వేళ్లు అతని మణికట్టును వదల్లేదు.

"వాడు రాంగనే కాళ్ల మీద వడు బీరయ్యా. నేను గూడ వడుత. దోస్తు ఇంటిని ఆగం చెయ్యకు అందాం. వాడొక్కడికే తెలుసు గద. వాని నోరు మూస్తే చాలు. ఒక కొడుకును మట్టిల పెట్టిన. ఇంకొకన్ని ఠాణాకు తోలుకపోతుంటే చూడల్నా నేను?"

"ఆయన అడిగితే నేనేం చెప్పాలె అవ్వా?"

"బయట నువ్వు ఓదెలువే. నేను చెప్పిందే చెప్పు. లోపలికొచ్చినంక తలుపేసి మాట్లాడుదం."

ఎల్లమ్మ పొయ్యిలో నిప్పు మీద నీళ్లు చల్లింది. ఆవిరి లేచింది. "నేను అబద్ధం చెప్ప," అంది. "నా మొగడు చచ్చిపోయిండనే చెప్త. నువ్వేం పేరు చెప్పుకుంటవో నీ ఇష్టం బీరయ్యా. నిన్ను గిట్ల చెప్పు అని అడగ."

వీధిలో టాంగా ఆగిన చప్పుడు. గుర్రం తల విదిలించింది. గంటలు మోగాయి.

నలుగురూ కదల్లేదు. పిల్ల ఒక్కతే తలుపు దగ్గరికి పోయి తొంగి చూసి, వెనక్కి వచ్చి తల్లి వీపు వెనక నిలబడింది.

"ఓదెలు ఇల్లు ఇదేనా?" పురుషోత్తం గొంతు.

"ఇదే సాబు," అని గోడవతలి నుంచి మాణిక్యమ్మ జవాబిచ్చింది. "మాస్టర్ ఇప్పుడే వచ్చిండు, లోపలనే ఉన్నడు."

బీరయ్య తల్లి చేతిలో నుంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. గడప దాకా ఎనిమిది అడుగులు. గడప మీద కాలు పెట్టగానే, ఎప్పటిలాగే, ఓదెలు అన్న పేరు తనంతట తాను నోటిదాకా వచ్చింది.

వీధిలో ఇన్‌స్పెక్టరు ఒక్కడే నిలబడి ఉన్నాడు. వెనక టాంగా పరదా దించి ఉంది. గోడ మీద మోచేతులు ఆనించి మాణిక్యమ్మ చూస్తూంది.

పురుషోత్తం చెయ్యి కొద్దిగా ఎత్తాడు. వద్దు, ఇక్కడ కాదు అన్నట్టు ఉంది ఆ సైగ. బీరయ్య దాన్ని చూశాడు. చూసేటప్పటికే మాట బయలుదేరింది.

"ఓదెలు ఇల్లే సాబు. ఓదెలు లేడు. ఎనిమిదేండ్ల కింద పోయిండు. నేను ఆయన తమ్మున్ని. బీరయ్యను."

తన నోటి నుంచి ఆ పేరు వీధిలో పడటం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

లోపల నుంచి ఒక ఏడుపు లేచింది. మొదట అది ఎల్లమ్మ గొంతని ఎవరూ గుర్తుపట్టలేదు. ఓదెలూ, ఓ నా ఓదెలూ అంటూ, పేరు పెట్టి, ఒక్కొక్క మాటా సాగదీసి, అప్పుడే మనిషి పోయినట్టు ఏడుస్తూంది. మాణిక్యమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. అటూ ఇటూ ఇళ్ల తలుపులు తెరుచుకోవటం మొదలైంది.

పురుషోత్తం కళ్లు మూసుకున్నాడు. "తొందరపడ్డవు," అన్నాడు చాలా మెల్లగా. "నేనొక్కన్నే రాలేదు."

టాంగా పరదా పక్కకు తొలిగింది. చిన్ననాటి దోస్తుల ముచ్చట చూడాలని సరదాపడి వెంట వచ్చిన హెడ్మాస్టరు జమీలుద్దీన్ సాబు, చేతిలో జిలేబీ పొట్లంతో, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయాడు. ఎనిమిదేళ్లుగా ప్రతి నెలా హాజరీ పట్టీ చివర, ఈ పేర్లన్నీ నిజమని సంతకం చేసింది ఆయనే.

ఆయన ముఖంలో కోపం లేదు. అది ఉన్నా బీరయ్య తట్టుకునేవాడే. ఆ ముసలి ముఖంలో ఉన్నది భయం.

"మాస్టర్," అన్నాడు జమీలుద్దీన్ సాబు. "ఏమన్నవు నువ్వు? ఏ పేరు చెప్పినవు?"